అమెరికాకు ల్యాప్‌టాప్ మోసుకెళ్ళాలా, అక్కడే కొనాలా? తేల్చుకోవడం ఎలా?

ఏటా జులై వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అన్నా, వీసా వచ్చేసింది. ల్యాప్‌టాప్ ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?" అడిగేది పిన్ని కొడుకో, కాలేజీ జూనియరో, ఆ జూనియర్ వాళ్ళ చెల్లెలో. నేను జవాబిచ్చేలోపే సగం మంది కొనేసి ఉంటారు. ఫ్లైట్ ఇంకో మూడు రోజులుందనగా బాబాయ్ ముచ్చటపడి ఇప్పించిన రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్. దాని అడాప్టరే ఇంకో ముప్పావు కిలో. చేతిలో పట్టుకెళ్ళే బ్యాగుకి చాలా ఎయిర్‌లైన్స్ ఇచ్చేది ఏడు కిలోలు. ఇక సర్టిఫికెట్ల ఫైలు, స్వెట్టరు, అమ్మ కట్టిన సున్నుండలు ఎక్కడ పెడతారో వాళ్ళే ఆలోచించుకోవాలి.

నా మాట ఒకటే. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్క సెమిస్టర్ లాగగలిగితే అదే పట్టుకెళ్ళండి. కొత్తది అక్కడ క్లాసుల్లో కూర్చున్నాక కొనండి. లాగగలదో లేదో తేల్చుకోవడమే కష్టమైన పని. మిగతావి పావుగంట పనులు కాబట్టి వాటిని గబగబా చెప్పేస్తాను.

1. డిపార్ట్‌మెంట్ ఏమడుగుతోందో చూడండి

వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పింది కాదు, మీ డిపార్ట్‌మెంట్ సైటులో రాసింది చూడాలి. అక్కడ లేకపోతే డిపార్ట్‌మెంట్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, జవాబిస్తారు. మెకానికల్ వాళ్ళ సాలిడ్‌వర్క్స్, సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్ళ రెవిట్, జీఐఎస్ వాళ్ళ ఆర్క్‌జీఐఎస్ ప్రో, బిజినెస్ అనలిటిక్స్ వాళ్ళ పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లోనే నడుస్తాయి. అందరూ కొంటున్నారని మ్యాక్‌బుక్ కొని, తర్వాత ల్యాబ్ చుట్టూ తిరిగినవాళ్ళు నాకు నలుగురు తెలుసు.

విచిత్రం ఏంటంటే అందరికంటే పెద్ద మిషన్ కొనేది కంప్యూటర్ సైన్స్ వాళ్ళు, దాని అవసరం అందరికంటే తక్కువ ఉండేదీ వాళ్ళకే. బరువైన పనులన్నీ యూనివర్సిటీ సర్వర్ మీదో, గూగుల్ వాళ్ళ కంప్యూటర్ల మీద ఆన్‌లైన్‌లో కోడ్ నడిపే కోలాబ్‌లోనో నడుస్తాయి. మన ల్యాప్‌టాప్ దానికి కిటికీ లాంటిది, అంతే.

2. ఛార్జర్ మీది సన్న అక్షరాలు చదవండి

ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే చాలు. ఈ కాలపు ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద దాదాపుగా అదే ఉంటుంది. అమెరికాలో 120 వోల్టులే కదా, ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మారేది పిన్నే. మనవి గుండ్రని పిన్నులు, వాళ్ళవి చదునైనవి. రెండు ప్లగ్ అడాప్టర్లు ఇక్కడే కొనుక్కోండి, అక్కడికి వెళ్ళాక ఛార్జర్ ఇటుకకి తగిలే వైరు ఒక్కటి అక్కడి పిన్నుతో కొనుక్కుంటే సరిపోతుంది.

3. పాతది ఒక సెమిస్టర్ లాగుతుందా? ఇక్కడే అందరూ తప్పు చేస్తారు

"బాగానే పనిచేస్తోందన్నా" అంటారు. ఇంట్లో ఛార్జర్ తగిలించి, టేబుల్ మీద పెట్టి సినిమా చూస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా బాగానే పనిచేస్తుంది. అక్కడ చాలాచోట్ల ఎంఎస్ క్లాసులు సాయంత్రాలు కూడా ఉంటాయి. వారానికోసారి పెట్టే క్లాసయితే ఒక్కోటి రెండున్నర, మూడు గంటలు. గోడ పక్కన ప్లగ్ ఉన్న కుర్చీలు మీకంటే ముందొచ్చినవాళ్ళవి. కాబట్టి పరీక్ష కూడా అలాగే పెట్టాలి. అదీ వీసా చేతికొచ్చిన వారంలోనే, ప్రయాణానికి కనీసం నెల ముందు. సూట్‌కేసులు సర్దే రాత్రి పెట్టి లాభం లేదు.

ముందు బ్యాటరీ. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది, వెతికితే ఒక లైనులో దొరుకుతుంది. అందులో రెండు అంకెలు చూడండి: డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ. మొన్న మా పిన్ని కొడుకుది తీస్తే మొదటిది 41,000, రెండోది 23,000 చిల్లర. అంటే కొన్నప్పటి బలంలో సగం కంటే కాస్త ఎక్కువ. నా లెక్క ప్రకారం అరవై శాతం కిందికి పడితే బ్యాటరీ మార్చాల్సిందే. అది కూడా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే. సగం ధరకే వేస్తామని చెప్పే డూప్లికేట్ బ్యాటరీతో పద్నాలుగు గంటలు విమానంలో కూర్చోకండి.

తర్వాత ల్యాప్‌టాప్‌ని మూసి గాజు టేబుల్ మీద పెట్టి, ఒక మూల వేలితో నొక్కండి. కుంటి బల్లలా ఊగుతోందా? టచ్‌ప్యాడ్ నొక్కితే లోపలికి వెళ్ళకుండా గట్టిగా తగులుతోందా? అయితే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇక వాడటం ఆపేయండి, ఛార్జింగ్ పెట్టకండి, అలా ఉన్నదాన్ని విమానం ఎక్కించకండి. ఈ ఒక్క విషయంలో నాతో వాదనకు రావద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. నూరు శాతం ఛార్జ్ చేసి, వైరు పీకేసి, డాబా మీదో చుట్టాలింట్లోనో కూర్చోండి. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకోండి. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, రెండు పెద్ద పీడీఎఫ్‌లు, మీ సబ్జెక్టు సాఫ్ట్‌వేర్, పైన కెమెరా ఆన్ చేసి ఫ్రెండుతో జూమ్ కాల్. మూడు గంటలు. ఆగకుండా నడిస్తే పాసు. రెండు గంటల దాకా వచ్చి పడిపోతే బ్యాటరీ మార్చి మళ్ళీ పెట్టండి. కాల్ మాట్లాడుతుంటే ఫ్యాన్ మిక్సీలా అరుస్తూ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే ర్యామ్ ఎంతుందో చూడండి. 8 జీబీ అనేది నేల, అంతకంటే కిందికి దిగొద్దు. 16 చేయించే స్లాట్ ఉంటే చేయించండి, ఫ్యాన్ దుమ్ము కూడా దులిపించండి. ఇక్కడ మెకానిక్ వేలు పెట్టడానికి తీసుకునేది వందల్లో, అక్కడైతే డాలర్లలో.

విండోస్ 10 మీదే ఉన్నారా? దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి మారాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైవి ఉండాలి. అంతకంటే పాతదైతే దానికి దండం పెట్టి తమ్ముడికిచ్చేయండి. లినక్స్ వేసుకుని నెట్టుకొస్తానంటారు కొందరు. ఆన్‌లైన్ పరీక్షలకు వాడే లాక్‌డౌన్ బ్రౌజర్ లినక్స్‌లో నడవదు. మిడ్‌టర్మ్ రోజు తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎవరు వేశారు? సందు చివర షాపతను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిందైతే, పక్కనే క్రాక్ చేసిన మ్యాట్‌ల్యాబ్, ఫోటోషాప్ కూడా కాపురం ఉంటాయి. వాటన్నిటినీ తుడిచేసి అసలు విండోస్ వేసుకోండి. క్యాంపస్ నెట్‌వర్క్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ బయటపడితే మాట పడేది షాపతను కాదు, మీరు. పైగా చాలా యూనివర్సిటీల్లో ఆఫీస్, మ్యాట్‌ల్యాబ్ లాంటివి స్టూడెంట్లకు ఉచితమే.

వీటన్నిటిలో గెలిస్తే తేలిపోయినట్టే, అదే పట్టుకెళ్ళండి. గీతలు పడ్డాయనీ, పాతదై పోయిందనీ, ఫ్రెండ్స్ నవ్వుతారనీ కొత్తది కొనొద్దు. అక్కడ ఎవరి ల్యాప్‌టాప్ ఎవరూ చూడరు.

4. కొత్తది ఎక్కడ, ఎప్పుడు కొనాలి?

ఇక్కడ రెండు పార్టీలుంటాయి. అక్కడ చవక అనే పార్టీ, ఇక్కడైతే ఈఎమ్ఐ ఉంటుందనే పార్టీ. ఇద్దరూ సగం సగమే చెబుతారు. అమెరికాలో బోర్డు మీద కనిపించే ధరలో ట్యాక్స్ ఉండదు, బిల్లు దగ్గర కలుస్తుంది. డల్లాస్‌లో అది 8.25 శాతం, న్యూజెర్సీలో 6.625. డెలావేర్, ఒరెగాన్‌లలో అసలు లేదు కాబట్టే న్యూజెర్సీ మనవాళ్ళు పక్క రాష్ట్రానికి కారేసుకుని షాపింగ్‌కి పోతారు. మన దగ్గర ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, కాకపోతే అది ధరలోనే కలిసి ఉంటుంది.

పాతది పాసైతే నేను కొనమనేది నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడొచ్చే బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాల్లో. పాతది ఒక సెమిస్టర్ లాగాలి అన్నది అందుకే. అప్పటికి ప్రొఫెసర్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిసిపోతుంది, చేతిలో అక్కడి బ్యాంకు కార్డు ఉంటుంది. రూమ్మేట్‌కి కాస్ట్‌కో అనే పెద్ద షాపు మెంబర్‌షిప్ కార్డుంటే ఇంకా మంచిది, వాళ్ళు కంప్యూటర్లు 90 రోజుల దాకా వాపసు తీసుకుంటారు. మన షాపుల్లో డబ్బా సీలు తీశాక వాపసు అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

పాతది పరీక్షలో ఓడింది, లేదా అస్సలు ల్యాప్‌టాప్ లేదు, మొదటి రోజు నుంచే కావాలంటే ఇక్కడే కొనండి. కానీ నెల ముందు కొనాలి. నేను 'ఆఖరి వారం' తప్పు స్వయంగా చేసి ఏడ్చినవాణ్ణి. మూడు రోజుల ముందు కొన్న మిషన్‌కి సెప్టెంబరులో స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడింది. కొన్నచోట "ఇంటర్నేషనల్ వారంటీ ఉంది సార్" అన్నారు. అక్కడ ఫోన్ చేస్తే, మీ ల్యాప్‌టాప్ ఇండియాలో రిజిస్టరైంది, ముందు దేశం మార్పించుకోండి అన్నారు. అది తేలేసరికి మూడు వారాలు. ఈలోగా లైబ్రరీలో అరువిచ్చే ల్యాప్‌టాప్ కోసం రోజూ క్యూలో నిలబడి మిడ్‌టర్మ్ గట్టెక్కాను. అందుకే వారంటీ సంగతి అమ్మేవాణ్ణి అడగొద్దు. మీ మోడల్ పేరు రాసి, అమెరికాలో సర్వీస్ చేస్తారా అని కంపెనీకే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

కొలతలు: 14 అంగుళాలు, కిలోన్నర లోపు, 16 జీబీ. పదిహేనున్నర అంగుళాలది వద్దు. ఎందుకు వద్దంటే వద్దంతే, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మీకే అర్థమవుతుంది.

జర్మనీ వెళ్ళేవాళ్ళకి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ షాపుల్లో దొరికేవాటిలో ఎక్కువగా జర్మన్ కీబోర్డే, వై, జెడ్ అక్షరాలు తారుమారుగా ఉంటాయి. కాబట్టి మీరు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి.

5. ఇండియా నంబరు ముడి విప్పుకోండి

మైక్రోసాఫ్ట్, గూగుల్ అకౌంట్లు రెండిటికీ ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంటుంది. రీఛార్జ్ మానేసి ఆ సిమ్ పోయిందంటే అకౌంటూ చిక్కుల్లో పడుతుంది. ఇక్కడ ఉండగానే సిమ్‌తో పని లేకుండా ఫోన్‌లోనే కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, రికవరీకి ఇంకో మెయిల్ ఇవ్వండి. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చారంటే అది 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకున్న మహానుభావులు కూడా ఉన్నారు.

6. విమానంలో

ల్యాప్‌టాప్ చేతి బ్యాగులోనే. పవర్ బ్యాంకు కూడా అక్కడే, చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు. 100 వాట్ అవర్లు దాటిన పవర్ బ్యాంకుకి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అంత పెద్దది మీకెందుకు? శంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర ల్యాప్‌టాప్ తీసి ట్రేలో పెట్టమంటారు, మధ్యలో దిగే ఊళ్ళోనూ అడగొచ్చు. కాబట్టి బ్యాగులో అన్నిటికంటే పైన సర్దుకోండి, పచ్చళ్ళ డబ్బాల కింద కాదు. దిగాక ఇమిగ్రేషన్ అధికారులకు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తెరిచి చూసే అధికారం ఉంది. తెరవమంటే వెంటనే తెరుచుకునేంత ఛార్జ్ ఉంచుకోండి. అడాప్టర్ ప్లగ్ మాత్రం చెకిన్ సూట్‌కేసులో వేయొద్దు, జీన్స్ జేబులో పెట్టుకోండి. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యమైతే ల్యాప్‌టాప్ చేతిలో ఉండీ ఛార్జింగ్ పెట్టలేక పక్క రూమ్ వాళ్ళ తలుపు కొట్టాల్సి వస్తుంది.