పాత పోలీసు కేసు రికార్డు క్లియర్ చేసుకోవడం ఎలా? హైదరాబాద్‌లో లాయర్‌ను చూసుకోవడం నుంచి చివరి కాగితం దాకా

మా పిన్ని కొడుకు మీద కాలేజీ రోజుల్లో కొట్లాట కేసు ఒకటి అయింది. కూకట్‌పల్లి వైపు టీ బండి దగ్గర మాటామాటా పెరిగి, ఇద్దరికి చిన్న దెబ్బలు తగిలి, ఎఫ్ఐఆర్ దాకా వెళ్లింది. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. అందరం మర్చిపోయాం. ఏళ్ల తర్వాత పాస్‌పోర్టుకు అప్లై చేస్తే, వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ ట్యాబ్ వాడి వైపు తిప్పి చూపించాడు. కేసు పక్కన ‘పీటీ’ అని ఉంది, అంటే పెండింగ్ ట్రయల్. కోర్టులో ఎప్పుడో ముగిసిన కేసు స్టేషన్ లెక్కలో ఇంకా నడుస్తోంది! ఆర్డర్ కాపీ తీసుకెళ్లి స్టేషన్‌లో ఇవ్వాలని వాడికెవరూ చెప్పలేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. పెద్దవాళ్ల కేసును రికార్డుల్లోంచి పూర్తిగా చెరిపేసే చట్టం మన దగ్గర లేదు. మైనర్లకు మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి ‘ఇంతిస్తే రికార్డు లేపేస్తాం’ అనే బ్రోకర్‌కు టీ కూడా తాగించకండి. మనం చేయగలిగింది కేసును చట్టప్రకారం ముగించి, ఆ ముగింపు రికార్డులో ఎక్కేలా చూసుకోవడం.

1. కేసు ఎక్కడుందో తెలుసుకోండి

ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్, సెక్షన్లు, కోర్టు ఇచ్చిన సీసీ నంబరు (కోర్టులో కేసు నంబరు) రాసుకోండి. కాగితాలు పోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతోనో ఎఫ్ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు. ప్రతి కోర్టు కేసుకూ విడిగా ఉండే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) దొరికితే తర్వాత వెతుకులాట ఉండదు. మరీ పాత కేసైతే కోర్టులోనే కాపీ అప్లికేషన్ పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘ఫైన్ కట్టేశా, అయిపోయింది’ అంటారు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టారంటే శిక్ష పడినట్టే, అది వంద రూపాయలైనా సరే. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో నాంపల్లి కోర్టుకు వెళ్లి ఒప్పుకున్నా అంతే. లోక్ అదాలత్‌లో రాజీ అలా కాదు. రాజీకి వీలున్న సెక్షన్లలో రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఉద్యోగం ఫారంలో ‘ఎప్పుడైనా శిక్ష పడిందా’ అని అడిగారా, ‘ఎప్పుడైనా కేసు అయిందా’ అని అడిగారా అన్నది చూసుకుని నిజం రాయండి. ఉన్నది దాచారన్న కారణంతోనే ఉద్యోగం పోవచ్చు.

2. దారి ఎంచుకోండి

కేసు ఇంకా నడుస్తూ, అందులో పస లేదనిపిస్తే హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని అడిగే పిటిషన్ వేయొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 482 సెక్షన్ అనేవారు. 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 528. డబ్బు గొడవలు, భార్యాభర్తల తగాదాల్లాంటివి ఇరుపక్షాలూ సర్దుకుంటే, మామూలుగా రాజీకి వీల్లేని సెక్షన్ ఉన్నా హైకోర్టు కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. హత్య, అత్యాచారం లాంటి వాటికి ఇది పనికిరాదు. కింది కోర్టులో శిక్ష పడితే సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజుల గడువు. అది దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి.

ఈలోగా పాస్‌పోర్టు అర్జంటైతే, కేసున్న కోర్టునే అనుమతి అడగొచ్చు. ఆర్డర్‌లో గడువు రాయకపోతే పాస్‌పోర్టు ఒక్క ఏడాదికే ఇస్తారు, అందుకే ఎన్నేళ్లకో రాయమని లాయర్‌తో అడిగించుకోండి.

3. లాయర్

నాంపల్లిలో రోజూ వాయిదాలకు తిరిగే లాయరు, నయాపూల్ దగ్గర హైకోర్టులో వాదించే లాయరు ఒకరే కానక్కర్లేదు. క్వాష్ కావాలంటే, ఈమధ్య అలాంటి పిటిషన్లు వేసిన వాళ్లనే పట్టుకోండి. కేసు నంబర్లు అడగండి, హైకోర్టు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు (బార్ కౌన్సిల్‌లో లాయర్ రిజిస్ట్రేషన్ నంబరు) అడగడానికి మొహమాటం వద్దు.

ఫీజు దగ్గర మాట గట్టిగా ఉండాలి. పిటిషన్ రాయడానికి ఎంత, వాదనలకు ఎంత, కాపీలకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. రసీదు ఇవ్వకపోతే ఫోన్‌పేలో పంపండి, అదే లెక్క. ‘కేసు కొట్టేయిస్తేనే ఇవ్వండి’ అనే బేరం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. గ్యారంటీ ఇచ్చే లాయర్ దగ్గర నుంచి నేనైతే లేచి వచ్చేస్తా. మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే వకాలత్ మీద సంతకం పెట్టండి గానీ తెల్ల కాగితం మీద వద్దు.

డబ్బుకు ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయసేవా సదన్‌కు నేరుగా వెళ్లినా సరే.

4. ఆర్డర్ వచ్చాక

సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. హైకోర్టు ఆర్డరైతే కింది కోర్టులో ఒకటి ఇవ్వాలి. స్టేషన్‌కు ఒకటి, చిన్న అర్జీ జతచేసి ఇచ్చి, మీ దగ్గరుండే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రౌడీ షీట్ ఉంటే అది వేరే లెక్క. కేసు పోయినా షీట్ దానంతట అది పోదు. దానికి పై అధికారులకు విడిగా అర్జీ పెట్టాలి, అక్కడ కాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి.

మావాడు స్టేషన్‌కు మూడుసార్లు తిరిగాడు. మూడోసారి స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ కంప్యూటర్ ముందు కూర్చుని, కాపీ అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది అప్పుడే తెచ్చియ్యొచ్చు గద తమ్మీ’ అన్నాడట.