స్కెచ్ గీయడానికి కాగితం, పెన్సిళ్లు ఎంచుకునే పద్ధతి

కథలకు బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నవారు ముందుగా ఏ పెన్సిల్ కొనాలని అడుగుతారు. నేను మాత్రం ముందు కాగితం చూసుకోమంటాను. పెన్సిల్ గీత అంటే కాగితపు గరుకుకు రాసుకుని అక్కడే నిలిచిపోయిన గ్రాఫైట్ పొడి కనుక, ఒకే 2బీ పెన్సిల్ (మెత్తటి ములుకు రకం) నున్నటి కాగితం మీద బూడిదరంగుగా జారిపోతుంది, కాస్త గరుకైన కాగితం మీద నల్లగా, నిండుగా పడుతుంది.

కాగితం ఎంత మందమో సాధారణంగా దాని బరువుతో, అంటే జీఎస్ఎంలో చెబుతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె తెలుపుతుంది. ఎ4 కాగితాలు పదహారు చేరిస్తే చదరపు మీటరవుతుంది కాబట్టి, విడి కాగితాలు కొన్నప్పుడు పదహారింటిని వంటింటి త్రాసులో తూచి జీఎస్ఎం ఎంతో మీరే తేల్చుకోవచ్చు. 70 లేదా 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం ఆలోచనలను గబగబా గీసుకోవడానికి సరిపోతుంది గాని, ఒకేచోట రెండుమూడు సార్లు చెరిపితే దాని నూగు లేస్తుంది. పూర్తి బొమ్మకు నేను వాడేది 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ పేపర్ (బొమ్మలు గీయడానికి వాడే మందపాటి కాగితం). పైన నీటిరంగులు కూడా వేయదలిస్తే 300 జీఎస్ఎం తీసుకోవడం మంచిది. ఏదైనా ఆమ్లరహితమని (యాసిడ్ ఫ్రీ అని) రాసి ఉన్నదే కొనండి. లేకపోతే బొమ్మ పాత వార్తాపత్రికలాగా పసుపుబారుతుంది. వీలైతే ముందు ఒక్క షీటు కొని, గీసి, చెరిపి చూసిన తరువాతే పూర్తి ప్యాడ్ కొనండి.

పెన్సిల్ ములుకులో గ్రాఫైట్‌తోపాటు బంకమన్ను ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్స్‌లో నికోలా జాక్ కాంటే 1795లో పేటెంట్ పొందారు. మన్ను పెరిగేకొద్దీ ములుకు గట్టిపడి హెచ్ వైపు, గ్రాఫైట్ పెరిగేకొద్దీ మెత్తబడి బీ వైపు వెళుతుంది. 1905 నుంచి వస్తున్న ఫేబర్ కాస్టెల్ 9000 నాకు ఎంతో ఇష్టమైన పెన్సిల్. అయినా సాధనకు అప్సర, నటరాజ్, క్యామ్లిన్ పెన్సిళ్లు నిస్సంకోచంగా వాడవచ్చు. అయితే ఒక కంపెనీ 2బీ మరొక కంపెనీ 2బీ అంత నల్లగా ఉండకపోవచ్చు కనుక, మీరు వాడేవన్నీ ఒకే కంపెనీవై ఉండాలి.

హెచ్‌బీ (మధ్యరకం), 2బీ (మెత్తనిది), 6బీ (ఇంకా మెత్తనిది) అనే మూడు చాలు. హెచ్‌బీతో తేలికగా ఆకారాలు కట్టుకుని, 2బీతో గీతలు తేల్చుకుని, జుట్టు, నీడల వంటి చిక్కటి చోట్లకు 6బీ ఉంచుకోవాలి. తొలి గీతలకు 2హెచ్ మంచిదని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. గట్టి ములుకు కాగితం మీద గాడి చేస్తుంది. రంగు చెరిగినా గాడి చెరగదు, పైన ఇంకు వేస్తే అది బయటపడుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో, చెమ్మ పీల్చిన కాగితం మెత్తబడి ఇంకా తేలికగా గాడి పడుతుంది. ఆ రోజుల్లో ప్యాడ్‌ను ప్లాస్టిక్ కవరులో ఉంచి, గీసేటప్పుడు మాత్రమే బయటికి తీయండి.

షార్పెనర్ కంటే బ్లేడుతో చెక్కడం అలవాటు చేసుకోండి. సుమారు ఒక సెంటీమీటరు ములుకు బయటికి వచ్చేలా చెక్కితే మొనతో సన్నగీత, పక్కవాటుతో వెడల్పైన నీడ, రెండూ ఒకే పెన్సిల్‌తో సాధ్యమవుతాయి. పెన్సిల్‌ను కింద పడనీయకండి. పైకి చెక్క బాగానే కనిపించినా లోపల ములుకు విరిగి, చెక్కిన ప్రతిసారీ ముక్కలుగా ఊడివస్తుంది.

చెరపడానికి పిండిముద్దలా నలిపి వాడే నీడబుల్ ఎరేజర్ తీసుకోండి. దానితో రుద్దకుండా అద్దితే గ్రాఫైట్ పొడి దానికి అంటుకుని వచ్చేస్తుంది, కాగితానికి దెబ్బ తగలదు. అరచేతి జిడ్డు, చెమట కాగితానికి అంటకుండా చేతికింద బటర్ పేపర్ ముక్క వేసుకోండి. బొమ్మ పూర్తయ్యాక అదే ముక్కను పుటల మధ్య ఉంచితే 6బీ నలుపు ఎదుటి పుటకు అంటదు.