సేడెర్ రాత్రి తిప్పలు: తప్పు హగ్గాదాలో ఉందేమో చూడండి

మా అత్తవారిది న్యూజెర్సీలో యూదు కుటుంబం. పస్కా మొదటి రాత్రి భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, తమ పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడ్డ కథను వరసగా చదువుకుంటారు. దాన్ని సేడెర్ అంటారు, చదివే పుస్తకం హగ్గాదా. ఆ మాటకు అర్థమే ‘చెప్పడం’. పెళ్లయిన కొత్తలో పుస్తకాలు కొనే పని నాకు అప్పగించారు. అట్ట అందం చూసి కొన్నాను. ఆ రాత్రి పడ్డ పాట్ల నుంచి నేర్చుకున్నవే ఇవన్నీ.

సమస్య: ఒక్కొక్కరు ఒక్కో పేజీలో ఉన్నారు

కారణం: ఏళ్ల తరబడి పోగుపడ్డ రకరకాల ముద్రణలు. మాక్స్‌వెల్ హౌస్ కాఫీవాళ్లు 1932 నుంచి కాఫీతో పాటు హగ్గాదా ఉచితంగా పంచుతున్నారు కాబట్టి అమెరికాలో చాలా ఇళ్లలో అవే ఉంటాయి. మా అత్తగారి దగ్గర ఏడున్నాయి. ఐగుప్తు మీద దేవుడు పంపిన పది తెగుళ్ల (విపత్తుల) పేజీ ప్రతిదాంట్లోనూ ఎర్రగా మరకలే. ఒక్కో తెగులు పేరు చెప్పి వేలితో ఒక్కో వైన్ చుక్క పళ్లెంలో వేస్తారు, కొన్ని పుస్తకం మీద పడతాయి. కంపెనీ ఒకటే కదా అని పాతవీ కొత్తవీ కలిపినా ఇబ్బందే, 2011లో ఇంగ్లీషు అనువాదం మార్చేశారు.

పరిష్కారం: అందరికీ ఒకే ముద్రణ, పైన ఒకటి అదనం. అది కుదరకపోతే పేజీ నంబర్లు వదిలేయండి. సేడెర్‌లో 15 అంకాలున్నాయి, అన్నిటికీ పేర్లున్నాయి. "ఇప్పుడు మగ్గీద్ (కథ చెప్పే అంకం)" అంటే ఎవరి పుస్తకంలో వాళ్లు వెతుక్కుంటారు.

సమస్య: భోజనం రాకముందే పిల్లలు నిద్రపోయారు

కారణం: చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి, మగ్గీద్ అనే కథాభాగం చూస్తే పొడుగు. ఐగుప్తులో పది తెగుళ్లయితే సముద్రం దగ్గర యాభయ్యా, రెండువందలా, రెండువందల యాభయ్యా అని రబ్బీలు (యూదు మతగురువులు) లెక్కలు కట్టే చోట మా మరిదే ఆవలిస్తాడు, ఇక పిల్లల సంగతి చెప్పాలా?

పరిష్కారం: ఏది వదలొచ్చో గుర్తుపెట్టి చూపే హగ్గాదా తీసుకోండి, లేదా పండగ రాకముందే పెన్సిలుతో మీరే గీసుకోండి (పండగ రాత్రి రాయకూడదు). పిల్లలు అడిగే నాలుగు ప్రశ్నలు, నలుగురు కొడుకుల ఘట్టం, పది తెగుళ్లు, ‘దయేను’ పాట మాత్రం కొట్టేయకండి. పస్కా (బలి గొర్రెపిల్ల), మత్సా (పులియని రొట్టె), చేదుకూర ఎందుకో చెప్పకపోతే సేడెర్ చేసినట్టే కాదని రబ్బాన్ గమ్లియేల్ అనే పూర్వకాలపు గురువు మాట, ఆ ముక్కా ఉండాలి.

పిల్లల హగ్గాదాలతో జాగ్రత్త. కొన్ని భోజనం దగ్గరే ఆగిపోతాయి. దాచిన మత్సా ముక్కను వెతికి తినడం, రాత్రి తాగే నాలుగు వైన్ గిన్నెల్లో మూడోదీ నాలుగోదీ, పాటలు అన్నీ ఆ తర్వాతే. కొనేముందు చివరి పేజీలు తిప్పి ‘ఖద్ గద్యా’ ఉందో లేదో చూడండి. మేకపిల్లను పిల్లి తింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కను కర్ర కొట్టింది అంటూ సాగే పాట. మన ఏడు చేపల కథకు దూరపు చుట్టం. మా అమ్మాయి ఆ పాట కోసమే మేలుకుంటుంది.

సమస్య: హీబ్రూ రానివాళ్లు నోరు మెదపడం లేదు

కారణం: ఉచ్చారణను ఇంగ్లీషు లిపిలో ఇవ్వని పుస్తకం.

పరిష్కారం: కొనేచోటే నాలుగు ప్రశ్నల పేజీ తెరిచి, పైకి చదివి చూడండి. నాలుక తిరగకపోతే పెట్టేయండి. గుంటూరు నుంచి మా అమ్మ వచ్చినప్పుడు "మా నిష్తనా హలైలా హజ్జె" అని తెలుగులో రాసిచ్చాను, మనవరాలితో గొంతు కలిపింది. ఇదేం కొత్త కాదు, పుణేలో బెనె ఇజ్రాయెల్ యూదులు 1874లోనే మరాఠీ అనువాదంతో హగ్గాదా అచ్చువేసుకున్నారు.

సమస్య: "ఇది మన పద్ధతి కాదు" అని పెద్దాయన ముఖం చిట్లించారు

కారణం: సంప్రదాయం తేడా. అష్కెనాజీలు (మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదులు) నాలుగు గిన్నెలకూ వైన్ ఆశీర్వచనం చెబుతారు, సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాలవారు) మొదటికీ మూడోదానికీ మాత్రమే.

పరిష్కారం: కొనేముందు మామగారిని అడగండి. నేను అడగలేదు.

సమస్య: పదిహేను మందికి కొనాలంటే ఖర్చు

పరిష్కారం: ఉచితంగా దొరికేవి ముందే ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చదువుదామంటే, నిష్ఠగా ఉండే ఇళ్లలో ఆ రాత్రి దాన్ని ముట్టరు. హీబ్రూలో దేవుడి పేరున్న కాగితాలు పండగయ్యాక చెత్తబుట్టలో వేయకండి, సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) ఇస్తే పాత గ్రంథాలతో పాటు భూస్థాపితం చేస్తారు.