పాత సినిమా ఫ్రేముల్లోని విశాఖను వెతికే విధానం

విశాఖపట్నం ఎన్నడూ రాని తెలుగువారికి కూడా ఆ ఊరి సముద్రం ముఖపరిచయమే. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ విశాఖ, భీమిలి తీరాలను నలుపు తెలుపుల్లో జనం మనసుల్లో నిలిపింది. ఆ తరువాత జంధ్యాల 1980లలో తీసిన హాస్యచిత్రాలలో అనేకం ఇక్కడి వీధుల్లోనూ, ఇసుకలోనూ చిత్రీకరణ జరుపుకున్నాయి. ఆ జ్ఞాపకాలను వెంటబెట్టుకుని ఊరు చూడడానికి వచ్చేవారిలో ఎక్కువమంది మొదట వెతికేది పాటలో కనిపించిన ఇంటిని, గేటును, బెంచీని. నలభై ఏళ్ళలో ఇళ్ళు అపార్ట్‌మెంట్లయ్యాయి, బెంచీలు మారిపోయాయి, కాబట్టి వారికి నిరాశ తప్పదు. కట్టడాన్ని వదిలి కొండను వెతకండి. ఈ ఊళ్ళో కొండల అంచులు, తీరం ఒంపు మాత్రమే పాత ఫ్రేములో ఉన్నట్టు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి, సన్నివేశం తీసిన చోటు దొరకాలంటే వాటినే ఆధారం చేసుకోవాలి.

బయలుదేరక ముందు ఇంట్లోనే ఒక గంట కేటాయించి, మీకు నచ్చిన సన్నివేశాన్ని ఆపి చూసి, వెనుక కనిపించే కొండల గీతను కాగితం మీద గీసుకోండి లేదా ఆ ఫ్రేమును ఫోనులో ఫొటోగా దాచుకోండి. నగరంలోని ఆర్కే (రామకృష్ణ) బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడినవారికి కుడివైపున సముద్రంలోకి పొడుచుకువచ్చినట్టు కనిపించేది డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపున దూరంగా కనిపించేది కైలాసగిరి. ఫ్రేములో ఈ రెంటిలో ఏది ఉన్నదో, ఎంత పెద్దదిగా ఉన్నదో చూస్తే కెమెరా తీరంలో ఏ భాగాన నిలబడిందో చాలావరకు తేలిపోతుంది. కొండ పెద్దదిగా కనిపిస్తే కెమెరా దానికి దగ్గరగా ఉన్నదని వెంటనే నిర్ణయించకూడదు, ఎందుకంటే దూరాన్ని దగ్గరగా లాగే లెన్సులు ఆ రోజుల్లోనూ ఉన్నాయి. ముందు వరుసలోని రాళ్ళకూ వెనుక కొండకూ మధ్య ఉన్న సంబంధాన్ని చూడాలి.

వెలుగు కూడా ఒక ఆధారమే. విశాఖ తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంటుంది, అందువల్ల ఇక్కడ సూర్యుడు సముద్రం మీద ఉదయించడమే తప్ప సముద్రంలోకి అస్తమించడం ఉండదు. ఈ తీరంలో తీసిన పాటలో ప్రేమికుల వెనుక ఎర్రటి సూర్యుడు నీటిని తాకుతూ కనిపించి, కథ ప్రకారం అది సాయంత్రమైతే, చిత్రీకరణ మాత్రం తెల్లవారుజామున జరిగిందని గ్రహించాలి. పాపం, ఆ నాయికా నాయకులు ఎన్ని గంటలకు లేచి మేకప్ వేసుకున్నారో! సూర్యుడు ఉదయించే చోటు కూడా నెలలను బట్టి మారుతుంది. డిసెంబరులో సముద్రం మీద ఎదురుగా, కొద్దిగా ఎడమకు ఉదయిస్తే, జూన్‌లో బాగా ఎడమకు, కైలాసగిరి వైపుకు జరుగుతుంది. అదే ఫ్రేమును మీరూ ఫొటో తీయాలనుకుంటే ఈ లెక్క చూసుకోవాలి. జూన్‌లో సూర్యోదయం దాదాపు 5.20కి, డిసెంబరు చివర దాదాపు 6.25కి అవుతుంది కాబట్టి, చలికాలమే కాస్త నిద్రపోనిచ్చే కాలం.

సన్నివేశం ఏ కాలానిదో అంచనా వేయడానికి కొన్ని గుర్తులు ఉపయోగపడతాయి. ఒడ్డు మీద జలాంతర్గామి కనిపిస్తే అది పాత సినిమా కాదు. 1969లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కుర్సురా 2001లో విరమించి, 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మారింది. దానికి ఎదురుగా నౌకాదళపు పాత విమానం టీయూ-142 వచ్చినది 2017లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిలోనూ కొండల మీదా లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది కాబట్టి, పాత ఫ్రేములోని పచ్చదనాన్ని ఇప్పటి పచ్చదనంతో పోల్చి చోటును నిర్ణయించడం ప్రమాదకరం. కుర్సురాను లోపలికి వెళ్ళి చూడాలనుకుంటే సోమవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు సెలవు.

ఒక్క రోజే ఉన్నవారు తెల్లవారకముందే ఆర్కే బీచ్‌కు చేరి, ఎండెక్కేలోగా అక్కడి పని ముగించుకుని, బీచ్ రోడ్డు వెంట ఉత్తరానికి కదలడం మేలు. కైలాసగిరి పైనుంచి తీరం విల్లులా వంగి కనిపిస్తుంది, మీరు గీసుకున్న గీతలను సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పిల్లలు ఉంటే అక్కడి రోప్‌వే, కొండను చుట్టి వచ్చే చిన్న రైలు వారిని కాసేపు ఆకట్టుకుంటాయి. ఆపైన తొట్లకొండ బౌద్ధారామం మీద కాసేపు ఆగి భీమిలికి వెళ్ళాలి. కారు లేనివారికి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి భీమిలికి సిటీ బస్సులు ఉంటాయి, కిటికీ పక్క సీటు దొరికితే ప్రయాణమే సగం విహారం. భీమిలిలో మాత్రం తొందరపడకండి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఈ ఊళ్ళో డచ్చివారి సమాధులు, పాత మేడలు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు నడక దూరంలో ఉన్నాయి, విశాఖలో కనబడకుండా పోయిన పాతదనం ఇక్కడ ఇంకా మిగిలి ఉంది. ‘మరోచరిత్ర’ చూసి వచ్చినవారు రంగుల ఫొటోలు తీసి నిరాశపడకుండా, ఫోనును నలుపు తెలుపుకు మార్చి, మధ్యాహ్నం దాటాక పొడవైన నీడలు పడే వేళ తీసి చూడాలి. చోటు ఒక్కసారిగా పోలికకు వస్తుంది.

పాత పాటల్లోని మంచు, లోయలు వెతికేవారు అరకు వైపు వెళ్ళాలి, అక్కడ కాలం ఎంపికే సగం పని. నవంబరు నుంచి జనవరి వరకు జనం ఎక్కువగా వస్తారు: నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూలు పొలాలను పసుపుగా కప్పుతాయి, లంబసింగిలో చలి గజగజ వణికిస్తుంది, ఇటీవలి ఏళ్ళలో పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల సముద్రాన్ని చూడడానికి యువకులు చీకటితోనే ఎక్కుతున్నారు. శని, ఆదివారాలలో, సంక్రాంతి సెలవుల్లో ఘాట్ రోడ్డు మీద వాహనాలు బారులు తీరుతాయి కాబట్టి, వీలున్నవారు మంగళ, బుధవారాలను ఎంచుకోవాలి. జలపాతాలు నిండుగా ఉండేది వానాకాలంలోనే, అయితే కొండచరియలు విరిగిపడి రైళ్ళు ఆగే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. కాఫీ తోటలు మల్లెల్లా తెల్లగా పూచేది వేసవి తొలి జల్లుల తరువాత, ఆ దృశ్యం కోసం వెళ్ళేవారు తక్కువ, నా దృష్టిలో అది అరకు ప్రయాణానికి అన్నిటికంటే మంచి సమయం. వేసవిలో నగర తీరం మాత్రం ఉక్కపోతతో పగలంతా భరించరానిదిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులలో తుపాను హెచ్చరికలను చూడకుండా బయలుదేరకూడదు.

అరకుకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజరు సొరంగాలూ వంతెనలూ దాటుతూ బొర్రా గుహల మీదుగా వెళుతుంది, దానికి 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా జతచేశారు. సీజనులో ఆ సీట్లు ముందుగానే అయిపోతాయి, కాబట్టి తేదీ ఖాయమైన రోజే రిజర్వేషన్ చేయించుకోవాలి. తిరుగు ప్రయాణానికి రోడ్డు మార్గాన్ని ఎంచుకుంటే అనంతగిరి వద్ద తోటల్లో ఆగవచ్చు.

పాటలోలాగా నీళ్ళలోకి పరుగెత్తాలన్న కోరికను ఆర్కే బీచ్‌లోనూ, యారాడ బీచ్‌లోనూ అదుపులో ఉంచుకోవాలి, అక్కడి అలలు లోపలికి లాగేస్తాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో కూడా రక్షకులు ఉన్న పరిధి దాటకూడదు. ఓడరేవు, నౌకాదళ ప్రాంతాలలో ఫొటోలు నిషిద్ధం, ఎంత మంచి ఫ్రేము దొరికినా అడగకుండా కెమెరా ఎత్తకండి. సాయంత్రానికి బీచ్ రోడ్డు మీద వేడివేడి పునుగులో, మసాలా మురీ మిక్స్చరో తిని, ఓపిక మిగిలితే సినిమా హాలు పేరుతోనే కూడలి అయిన జగదాంబ జంక్షన్‌కు వెళ్ళి ఆ రోజు ఆడుతున్నదేదో చూసేయవచ్చు; సెకండ్ షో ముగిసేసరికి సిటీ బస్సులు దొరకవు, ఆటో ఛార్జీ ముందే మాట్లాడుకోండి.