పాఠం 4: కొండ దిగడం (అపలాచియన్ ట్రెయిల్ తొలి నాలుగు రోజులు)

అమెరికా తూర్పున కొండల మీదుగా సాగే పొడవాటి కాలిబాట అపలాచియన్ ట్రెయిల్‌కు తయారవుతున్నాం కదా, పోయిన పాఠంలో బరువు సంచి తగిలించుకుని మెట్లు ఎక్కి దిగమన్నాను. వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలామంది ఎక్కడంతోనే ఆపేశారు. ఒకరు అపార్ట్‌మెంట్ పైదాకా ఎక్కి లిఫ్టులో కిందికొచ్చారు. ఒకరు అలిపిరి మెట్లన్నీ ఎక్కి బస్సులో తిరుపతి చేరారు. అట్లాంటాలో ఉండే ఒకరు స్టోన్ మౌంటెన్ ఎక్కి కేబుల్ కారులో దిగారు. తొడలు పట్టేసి రెండు రోజులు కుర్చీలోంచి లేవలేకపోయామని రాసినవాళ్లు ముగ్గురే. పాఠం చేసింది వాళ్లే. అందుకే ఈసారి స్టవ్, టెంటు గురించి రాయను. ఆ రెండూ డాబా మీద ఒక్కసారి ప్రయత్నిస్తే వచ్చేస్తాయి.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువునూ సంచి బరువునూ ఆపుతూనే సాగుతుంది. అలా సాగుతూ మోసే పని అలవాటు లేని కండరంలో సూక్ష్మంగా దెబ్బలు తగులుతాయి. నొప్పి అదే రోజు తెలియదు, మర్నాడో మూడో రోజో ముదురుతుంది. ఇందులో మంచి సంగతి కూడా ఉంది. ఒకసారి ఆ నొప్పి పడిన కండరం కొన్ని వారాల పాటు అదే పనికి అంత నొప్పి పుట్టనివ్వదు. ఆ నొప్పేదో ఇంట్లోనే పడాలి.

దారి చూడండి. ట్రెయిల్ మొదలయ్యే స్ప్రింగర్ శిఖరం 3,782 అడుగులు. తొలి రాత్రి హాక్ మౌంటెన్ షెల్టర్ (నడిచేవాళ్లు రాత్రి తలదాచుకునే కొట్టం), సుమారు 8 మైళ్లు. రెండో రాత్రి గూచ్ మౌంటెన్. మూడో రోజు వుడీ గ్యాప్ (గ్యాప్ అంటే కనుమ) దాటి లాన్స్ క్రీక్. నాలుగో రోజు బ్లడ్ మౌంటెన్ ఎక్కాలి. జార్జియా రాష్ట్రంలో ఈ ట్రెయిల్ మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు అదే, 4,458 అడుగులు. అక్కడి నుంచి నీల్ గ్యాప్‌కు రెండున్నర మైళ్ల లోపే 1,300 అడుగులకు పైగా దిగాలి, చాలాచోట్ల బండల మీదుగా. తొలి రోజుల నొప్పి ముదిరిన కాళ్లతో ఆ దిగుడు వస్తుంది. కింద ట్రెయిల్ ఒక కొట్టు భవనంలోంచే సాగుతుంది. బయట ఒక చెట్టు నిండా వదిలేసిన బూట్లు వేలాడుతుండేవి. ప్రయాణం అక్కడితో ఆపేసేవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. ఎక్కేటప్పుడు పోయిన టైమును దిగేటప్పుడు రాబట్టుకోవాలని చూస్తారు. దిగుడులో ఆయాసం ఉండదు కాబట్టి సులువనిపిస్తుంది. ఊపిరి కుదురుగా ఉందంటే కాళ్లు బాగున్నట్టు కాదు. పెద్ద అంగ వేస్తే మోకాలు నిటారుగా బిగుసుకుంటుంది, బరువంతా కీలు మీద పడుతుంది. వేగంగా దిగితే పాదం బూటులో ముందుకు జారి వేళ్లు గుద్దుకుంటాయి, గోళ్లు నల్లబడతాయి. మడమ రాసుకుని బొబ్బ లేస్తుంది. పది నిమిషాలు కలిసొచ్చిందని సంబరపడితే మర్నాడు సగం రోజు కుంటాలి. ఆకులు కప్పిన చోట, తడి బండ మీద, చెట్ల వేళ్లు పైకి తేలిన మలుపు దగ్గర, సాయంత్రం షెల్టర్ కనబడగానే, ఎక్కడైనా సరే తొందర వద్దు.

చిన్న అడుగులు వేయండి. మోకాలు ఎప్పుడూ కాస్త వంగి ఉండాలి. చేతికర్రలు అయిదారు సెంటీమీటర్లు పొడవు పెంచి, పాదం కన్నా ముందు ఆనించండి. చేతికర్రలు లేకుండా వెళ్లే మాటే నేను ఒప్పుకోను. దిగుడు మొదలయ్యే ముందు కూర్చుని, లేసు చీలమండ దగ్గర బిగించండి. గోళ్లు బయల్దేరే ముందే కత్తిరించుకోండి. కాటన్ మేజోళ్లు ఇంట్లో వదిలేయండి.

అభ్యాసం: సంచిలో బియ్యం ప్యాకెట్లు వేసి 5 కిలోలతో మొదలుపెట్టి, వారానికి కాస్త పెంచుతూ 12 దాకా తీసుకెళ్లండి. ఈసారి ఎక్కడానికి లిఫ్టు, దిగడానికి మెట్లు. ఒక్కో మెట్టుకు మనసులో రెండు లెక్కపెట్టండి. పది అంతస్తులంటే దాదాపు 100 అడుగులు. అంటే 13 సార్లు దిగితే ఒక బ్లడ్ మౌంటెన్. మొదట 3 సార్లు చాలు, నొప్పి పూర్తిగా తగ్గాకే మళ్లీ. ఆరో వారానికి 13 చేరాలి. ఆ మర్నాడు మాత్రం కాళ్లు పట్టేసి ఉన్నా సరే మరో 5 సార్లు దిగండి. అయితే కీలులో పోటు వస్తే మాత్రం ఆపేయండి, తొడల సలుపు వేరు, అది వేరు.

హైదరాబాద్ వాళ్లకు భువనగిరి కోట ఉంది. ఎక్కడమెలాగూ ఎక్కుతారు, నడిచే దిగండి.

పాఠం 5లో నీళ్లు.