డీఎండీ ఉన్న పిల్లాడి గుండెను కనిపెట్టుకుని ఉండటం ఎలా

కండరాలు క్రమంగా నీరసించే జన్యు జబ్బు డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ, అదే డీఎండీ అని తెలిసిన ఇంట్లో అందరి కళ్లూ పిల్లాడి కాళ్ల మీదే ఉంటాయి. గుండె కూడా కండరమేనని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కాలి కండరంలో లోపించిన డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ గుండెలోనూ ఉండదు, అందుకే ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మచ్చలు కట్టి, గుండె సాగి, పంపింగ్ తగ్గుతుంది. మామూలు మనిషైతే మెట్లెక్కినప్పుడు ఆయాసం వచ్చి తెలుస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లాడు మెట్లెక్కేదెప్పుడు?

కాబట్టి లక్షణాల కోసం చూస్తూ కూర్చోకండి. జబ్బు తేలగానే ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయించి, ఆ తర్వాత ఏటా ఒకసారి చేయించండి. పుట్టినరోజు నెలలో పెట్టుకుంటే మర్చిపోరు. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో ఉంచండి, ఈఎఫ్ అంకె, అంటే గుండె పంపింగ్ శాతం, ఏటికేడు ఎటు పోతోందో చూడాలంటే అవి కావాలి. 6, 7 ఏళ్లొచ్చి, మత్తు ఇవ్వకుండానే కదలకుండా పడుకోగలిగితే కార్డియాక్ ఎంఆర్ఐ గురించి అడగండి, ఎకోకు అందని మచ్చలు అందులో ముందే కనపడతాయి.

"ఎకో నార్మలే కదా, మందెందుకు?" అని చాలామంది ఆగిపోతారు. అక్కడే దెబ్బ తింటాం. ఎకో బాగున్నా సరే, 10 ఏళ్లు వచ్చేలోపు ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాంటి ఏస్ ఇన్హిబిటర్ (గుండె మీద భారం తగ్గించే మందు) మొదలుపెట్టాలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మొహమాటపడకుండా మీరే ఎత్తండి, డోసు మాత్రం ఆయనకే వదిలేయండి. ఇంకోటి, కిడ్నీల పనితీరుకు చూసే క్రియాటినిన్ కండరం తక్కువున్న పిల్లల్లో ఎలాగూ తక్కువే వస్తుంది, అది చూసి కిడ్నీలు భేష్ అనుకోవద్దు, దాని బదులు సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష అడగండి.

కడుపునొప్పి, వాంతులు, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఇవి కనపడితే గ్యాస్ అని కొట్టిపారేయకండి. ఈ పిల్లల్లో గుండె నీరసించినప్పుడు పైకి తేలేవి ఇలాంటివే. ఏ ఆపరేషన్ అయినా, ఆఖరికి పన్ను పీకించడానికైనా, మత్తు ఇస్తామంటే డీఎండీ అని ముందే చెప్పండి. మత్తులో కండరాలు సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అసలు ఇవ్వకూడదు, పీల్చే మత్తూ ప్రమాదమే. స్టెరాయిడ్ వాడుతుంటే ఒక్కసారిగా మానిపించొద్దు.

ఇక అమ్మ సంగతి ఎవరూ అడగరు. ఆమె క్యారియర్ (ఆ జబ్బు జన్యువును మోసే మనిషి) అయితే కండరాలు బాగానే ఉన్నా గుండె దెబ్బతినొచ్చు, 3 నుంచి 5 ఏళ్లకోసారి చూపించుకోవాలి. పిల్లాడి ఎకో రోజే ఆవిడ పేరు మీద కూడా ఇంకో టోకెన్ తీసుకోండి.