గ్యాస్ పైపు పక్కనే కరెంటు వైరు: కనిపించే లక్షణాలు, వాటి కారణాలు, సరిచేసే విధానం

గ్యాస్ పైపుకూ కరెంటు వైరుకూ మధ్య ఎంత ఎడం ఉండాలనే ప్రశ్న ఇల్లు కట్టేటప్పుడు ఎవరికీ తట్టదు. గోడలు పూసి, రంగులు వేసి, పొయ్యి వెలిగించడం మొదలయ్యాక, స్విచ్‌బోర్డు దగ్గర వాసన వచ్చినప్పుడో, పైపు తగిలి వేళ్లు జివ్వుమన్నప్పుడో అది ముందుకొస్తుంది. అప్పటికి పైపూ వైరూ రెండూ గోడలోకి వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి, కంటికి కనబడే లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్లడం తప్ప వేరే దారి ఉండదు. గ్యాస్ లైను కోయడం, మెయిన్ బోర్డు విప్పడం అర్హత ఉన్న పనివాళ్లు చేయవలసిన పనులు. ఇంట్లోవాళ్లు చేయగలిగింది లక్షణాన్ని సరిగ్గా గుర్తించడం, వాల్వు కట్టేయడం, ఎవరిని పిలవాలో తెలుసుకోవడం. ఈ మూడింటిలో చివరిదే ఎక్కువగా దెబ్బతింటుంది. గ్యాస్ మనిషి వచ్చి ఇది కరెంటు సమస్య అంటాడు, ఎలక్ట్రీషియన్ వచ్చి ఇది గ్యాస్ సమస్య అంటాడు, ఇద్దరూ చెప్పింది సగం నిజమే అయి ఉంటుంది.

ముందుగా కొలతలు

బ్రిటన్‌లో ఇళ్ల గ్యాస్ పైపులకు వర్తించే బీఎస్ 6891 ప్రమాణం ప్రకారం పైపుకూ కరెంటు కేబుళ్లకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు, పైపుకూ మీటరు, స్విచ్చి, సాకెట్, డిస్ట్రిబ్యూషన్ బోర్డు వంటివాటికీ మధ్య కనీసం 150 మిల్లీమీటర్లు ఉండాలి. రష్యా విద్యుత్ నిబంధనలు స్విచ్చులకూ సాకెట్లకూ గ్యాస్ పైపు నుంచి అర మీటరు అడుగుతాయి. బయటికి కనబడేలా వేసిన వైరు పైపుకు సమాంతరంగా వెళితే 400 మిల్లీమీటర్లు, అడ్డంగా దాటితే 100 మిల్లీమీటర్లు కావాలంటాయి. ఒకే ప్రమాదానికి ఇంత తేడాగా అంకెలు రావడం చూస్తే, ఎడం అనేది ప్రకృతి నియమం కాదనీ, ఎంత జాగ్రత్త కావాలో ఆయా దేశాలు చేసుకున్న నిర్ణయమనీ అర్థమవుతుంది. మీరున్న చోట అమల్లో ఉన్న నిబంధన ఏదైతే దానిదే చివరి మాట.

ఈ ఎడం దేనికోసమో తెలిస్తే మరమ్మతు సులభమవుతుంది. వైరులోంచి పైపుకు నిప్పురవ్వ దూకుతుందనే భయం ఇక్కడ అసలు విషయం కాదు, ఎందుకంటే 230 వోల్టులు గాలిలో ఒక మిల్లీమీటరు కూడా దూకవు. వైరు తొడుగు పైపుకు ఒరుసుకుని అరిగిపోకుండా, ఒకరు పైపు మీద పనిచేసేటప్పుడు పానా వెళ్లి వైరుకు తగలకుండా, లూజు కనెక్షన్ వేడెక్కితే ఆ వేడి పైపును చేరకుండా 25 మిల్లీమీటర్లు కాపాడతాయి. స్విచ్చి సంగతి వేరు. ప్రతిసారీ ఆన్, ఆఫ్ చేసినప్పుడు దాని లోపల చిన్న నిప్పురవ్వ పుట్టడం మామూలే. పైపు కారితే ఆ గ్యాస్ పలచబడకముందే అక్కడికి చేరకూడదు కాబట్టి స్విచ్చికి ఎక్కువ దూరం కావాలి. అందువల్ల కొలత తీసేటప్పుడు పైపు అతుకు ఎక్కడుందో ముందు చూడాలి. అతుకు లేని నిటారు పైపు బోర్డుకు 160 మిల్లీమీటర్ల దూరంలో ఉండటం ఒకటి, అదే దూరంలో అతుకులుండే ఎల్బో (పైపు వంపు), వాల్వు ఉండటం మరొకటి. టేపు మీద రెండూ పాసే అయినా, నా దృష్టిలో రెండోది మార్చవలసిన పనే.

లక్షణం: స్విచ్‌బోర్డు దగ్గర గ్యాస్ వాసన

ముందు చేయవలసినది పరిశోధన కాదు. ఆ గదిలో ఏ స్విచ్చినీ ఆన్ చేయకూడదు, వెలుగుతున్నదాన్ని ఆఫ్ కూడా చేయకూడదు. రెండింటికీ నిప్పురవ్వ ఒకటే. గ్యాస్ వాల్వు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరినీ బయటికి పంపి, ఫోన్ బయటి నుంచే చేయాలి. మెయిన్ స్విచ్చి వాసన లేని చోట, భవనం బయట ఉంటేనే దాన్ని ఆపాలి.

వాసన బోర్డు దగ్గర వచ్చినంత మాత్రాన లీకు అక్కడే ఉందనుకోకూడదు. వైర్లు వెళ్లే పీవీసీ కాండ్యూట్ నిజానికి గోడలో ఉన్న ఖాళీ గొట్టం. పైపు అతుకు ఇంకెక్కడో కారితే, ఆ గ్యాస్ గోడ సందుల్లోంచి కాండ్యూట్‌లోకి దూరి, అది తెరుచుకునే చోటికి, అంటే బోర్డు పెట్టెలోకి వస్తుంది. సహజవాయువు గాలి బరువులో సుమారు 0.6 వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి పైకి పోయి పైకప్పు దగ్గరి కాండ్యూట్లను పట్టుకుంటుంది. సిలిండర్ గ్యాస్‌లోని ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు కాబట్టి అది నేల మీద పరుచుకుని కింది సాకెట్లలోనూ, నేలలో వేసిన కాండ్యూట్లలోనూ చేరుతుంది. మండటానికి గాలిలో మీథేన్ 5 శాతం ఉండాలి, ప్రొపేన్‌కు సుమారు 2 శాతం చాలు. వాసన పైనున్న లైటు పాయింట్ దగ్గరా, కిందనున్న ప్లగ్ పాయింట్ దగ్గరా అనే ఒక్క వివరమే వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది.

లైనును భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ప్రెషర్ పెట్టి, మానోమీటర్ (ప్రెషర్ కొలిచే పరికరం) మీద పడిపోతుందేమో చూడటం సరైన పద్ధతి. బయటికి కనిపించే అతుకులకు సబ్బు నీళ్లు పూస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. బోర్డుకు దగ్గరున్న అతుకైతే కరెంటు ఆపాకే పూయాలి. అగ్గిపుల్లతో చూడటం అనే పాత అలవాటు గురించి చర్చించడానికి కూడా ఏమీ లేదు. లీకు మూసిన తర్వాత కాండ్యూట్ బోర్డులోకి వచ్చే మూతిని మంట అంటుకోని సీలెంట్‌తో మూసేయాలి. గోడను దాటే పైపుకు స్లీవ్ (పైపు చుట్టూ తొడిగే గొట్టం) వేసి, దాని లోపలి కొసను మూసి, బయటి కొసను గాలిలోకి తెరిచి ఉంచాలి. లీకు సరిచేసి ఈ రెండూ వదిలేసిన మరమ్మతు సగం మరమ్మతే.

ఒక చిన్న హెచ్చరిక: వేడెక్కిన సాకెట్ ప్లాస్టిక్ కూడా చేపల వాసన లాంటి ఘాటు వాసన ఇస్తుంది. కొందరు దాన్ని గ్యాస్ అనుకుంటారు, కొందరు గ్యాస్‌ను అదనుకుంటారు. తేలేదాకా గ్యాస్ అనే అనుకోవాలి.

లక్షణం: పైపు, పొయ్యి ముట్టుకుంటే జివ్వుమనడం

ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే వస్తాయి, ఎక్కువ తప్పుడు మరమ్మతులూ దీనికే జరుగుతాయి. పైపుకు ఇన్సులేషన్ టేపు చుట్టడం, పొయ్యి కింద రబ్బరు షీటు వేయడం లక్షణాన్ని దాచిపెడతాయే తప్ప కరెంటు వచ్చే దారిని మూయవు.

మొదట అనుమానించవలసింది పైపు పక్కనున్న వైరును కాదు, పైపుకు తగిలించిన ఉపకరణాన్ని. ఎలక్ట్రిక్ ఇగ్నిషన్ ఉన్న పొయ్యి, గీజరు, చిమ్నీ వంటివాటి లోపల విద్యుత్ రొదను అణచే ఫిల్టర్లు ఉంటాయి. వాటిలోని చిన్న కెపాసిటర్లు ఫేజ్‌కూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి ఉండేలా కలుస్తాయి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ సరిగ్గా పనిచేస్తున్నంతకాలం ఆ స్వల్ప కరెంటు ఎర్త్‌లోకి పోతుంది. ఎర్త్ తెగితే బాడీ మీద సరఫరాలో సుమారు సగం, అంటే 115 వోల్టుల దాకా కనబడుతుంది. దాన్ని ఇచ్చే శక్తి తక్కువే అయినా, అర మిల్లీఆంపియర్ దాటితే మనిషికి తెలుస్తుంది. ఉపకరణం ప్లగ్ తీసేశాక జివ్వుమనడం ఆగిందా, సాకెట్ ఎర్త్ పిన్ దగ్గరే లోపం ఉందని దాదాపు తేలిపోయినట్టే. సాకెట్ ఎర్త్‌ను బోర్డు దాకా పరీక్షించి సరిచేయడమే దీనికి మందు.

ఇంట్లోని అన్ని ప్లగ్గులూ తీసేసినా జివ్వుమనడం ఆగకపోతే విషయం గంభీరం. అప్పుడు మూడు అవకాశాలు ఉంటాయి. వైరు తొడుగు అరిగి, లేదా క్లాంపు స్క్రూ గుచ్చుకుని, ఫేజ్ నేరుగా పైపుకు తగులుతూ ఉండవచ్చు. ఎడం లేకపోవడం వల్ల వచ్చే అసలైన లోపం ఇదే. ఎవరో ఎప్పుడో గ్యాస్ పైపునే ఎర్త్‌గా వాడుకుని ఉండవచ్చు. పాత ఇళ్లలో ఇది కనబడుతుంది. వీధిలోని ఇనుప పైపు తీసి పాలిథీన్ పైపు వేసిన రోజున ఆ ఎర్త్ చప్పుడు లేకుండా మాయమవుతుంది, బాడీల మీది లీకేజీ అంతా పైపు మీద మిగిలిపోతుంది. మూడోది సరఫరా న్యూట్రల్ తెగడం. కొన్ని సరఫరా పద్ధతుల్లో న్యూట్రల్, ఎర్త్ ఒకే తీగగా ఇంటికి వస్తాయి. ఆ తీగ తెగితే ఇంట్లోని లోడు కరెంటు బాండింగ్ వైరు (లోహపు పైపును ఇంటి ఎర్త్‌కు కలిపే తీగ) మీదుగా గ్యాస్ పైపులోకి తిరిగి వెళ్లాలని చూస్తుంది. అటువంటప్పుడు పైపు నుంచి బాండింగ్ వైరును విప్పడం ప్రాణాంతకం, ఎందుకంటే విప్పిన రెండు కొసల మధ్య పూర్తి వోల్టేజీ నిలబడుతుంది.

మామూలు టెస్టర్ వెలగడం దేన్నీ రుజువు చేయదు, అది పక్క వైరు ప్రభావంతో పుట్టే ఇండక్షన్‌కు కూడా వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరును (తీగ విప్పకుండానే అందులోని కరెంటు కొలిచే పరికరాన్ని) ముందు బాండింగ్ వైరు చుట్టూ, తర్వాత పైపు చుట్టూ వేసి చూడాలి. కొన్ని మిల్లీఆంపియర్లు కనబడితే అవి ఫిల్టర్ల లీకేజీ. ఆంపియర్లలో కనబడుతూ, ఇంట్లో లోడు పెంచితే అదీ పెరుగుతుంటే అది న్యూట్రల్ సమస్య, విద్యుత్ సరఫరా సంస్థకు వెంటనే చెప్పవలసిన విషయం. పరిష్కారంగా పైపును ఎర్త్‌గా వాడటం ఆపి, ఇంటికి సొంత ఎర్త్ ఏర్పాటు చేసి, లోహపు పైపును మెయిన్ ఎర్త్ టెర్మినల్‌కు కలపాలి. బ్రిటన్ పద్ధతిలో ఈ కలయిక మీటరు దాటాక 600 మిల్లీమీటర్ల లోపు, పైపు మొదటిసారి శాఖలుగా విడిపోకముందే ఉంటుంది. మామూలు ఇళ్లకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. పైపును ఎర్త్‌కు కలపడం, పైపునే ఎర్త్‌గా వాడటం ఒకటి కావు. మొదటిది తప్పనిసరి, రెండోది నిషిద్ధం.

లక్షణం: పైపు అతుకు విప్పగానే నిప్పురవ్వ

ఫిట్టరు యూనియన్ నట్టు విప్పి రెండు కొసలు దూరం జరిపే క్షణంలో చిటుక్కున నీలిరంగు మెరుపు కనబడితే, అప్పటిదాకా ఆ పైపులోంచి కరెంటు పారుతున్నదని అర్థం. అదే చోట లోపల మిగిలిన గ్యాస్ గాలితో కలుస్తుంది కాబట్టి ప్రమాదం మాటల్లో చెప్పనక్కరలేదు. పైపు విడదీసే ముందు, కోయబోయే చోటికి రెండు వైపులా మందపాటి తీగను క్లాంపులతో బిగించి, పని పూర్తయ్యాకే తీయాలి. మీటరు తీసేటప్పుడూ ఇంతే. ఈ తీగ పని కాలానికే తప్ప మరమ్మతు కాదు. కారణం పై భాగంలో చెప్పిన మూడింటిలోనే ఉంటుంది.

లక్షణం: ఆర్‌సీసీబీ పదేపదే పడిపోవడం

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) తడి రోజుల్లోనో, గీజరు నడిచి పైపు వేడెక్కినప్పుడో పడిపోతుంటే, ఆ సర్క్యూట్ వైరు పైపును ఎక్కడ దాటుతోందో చూడాలి. పైపు వేడికి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ వైరు తొడుగును నెమ్మదిగా కోస్తుంది. సరఫరా ఆపి, ఆ సర్క్యూట్‌లో తగిలించిన ఉపకరణాలన్నీ విప్పి, మెగ్గర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ కొలిస్తే తేలుతుంది. 500 వోల్టుల పరీక్షలో ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ వైరు మార్చవలసిందే, టేపు చుట్టి వదిలేయకూడదు. ఆర్‌సీసీబీని తీసేసి లోడు పెరిగినా, షార్ట్ సర్క్యూట్ అయినా మాత్రమే ఆగే మామూలు ఎంసీబీ పెట్టించుకునేవారూ ఉన్నారు; అది పైపును ఫేజ్‌కు అప్పగించడమే.

లక్షణం: మడతల గ్యాస్ గొట్టం మీద నల్ల మచ్చ, సూదిమొన రంధ్రం

పసుపు పూత ఉండే మడతల స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. దగ్గరలో పిడుగు పడితే ఇంటి వైర్ల మీద వేలాది వోల్టులు పుడతాయి. గొట్టం, పక్కనున్న వైరు వేర్వేరు వోల్టేజీ స్థాయిల్లో ఉంటే మధ్యలో ఆర్క్ (పెద్ద నిప్పురవ్వ) దూకి, ఆ పలచని గోడను కరిగించి రంధ్రం చేస్తుంది. ఇక్కడ మాత్రం ఎడం నిజంగానే ఆర్క్‌ను ఆపడానికి పనికొస్తుంది, కానీ ఒక్క ఎడం చాలదు. అమెరికా గ్యాస్ కోడ్ ఈ సాధారణ రకం గొట్టానికి కనీసం 6 గేజ్ రాగి తీగతో, 75 అడుగులు మించని పొడవులో బాండింగ్ కోరుతుంది. మచ్చ పడిన ముక్కను మార్చేసి, గొట్టాన్ని వైర్లకు, లోహపు డక్టులకు తగలకుండా జరిపి, బాండింగ్ ఉందో లేదో చూడాలి. మచ్చ ఉండి లీకు లేకపోయినా మార్చవలసిందే.

లక్షణం ఏమీ లేదు, ఎడం మాత్రం లేదు

మొదటి పరిష్కారం రెంటిలో ఒకదాన్ని జరపడం, సాధారణంగా వైరునే, ఎందుకంటే జరిపిన పైపును మళ్లీ ప్రెషర్ పరీక్ష చేయాలి. జరపడం కుదరకపోతే పైపుకు ఇన్సులేటింగ్ తొడుగు వేయడం, లేదా రెంటి మధ్య విద్యుత్ పారని పలక నిలబెట్టడం బీఎస్ 6891 అనుమతించే మార్గాలు. వైరును లోహపు కాండ్యూట్‌లో వేసి, ఆ కాండ్యూట్‌ను పైపుకే క్లాంపు చేయడం మాత్రం రెండు లోపాలను ఒకచోట చేర్చడమే అవుతుంది.

పని అయ్యాక ఇద్దరు పనివాళ్లూ చేయవలసిన పరీక్షలు వేరు. గ్యాస్ మనిషి ప్రెషర్ పరీక్ష చేస్తాడు. ఎలక్ట్రీషియన్ పైపు నుంచి మెయిన్ ఎర్త్ దాకా నిరోధం కొలుస్తాడు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు 1.83 మిల్లీఓమ్‌లు కాబట్టి 20 మీటర్ల తీగకు 0.04 ఓమ్ దరిదాపుల్లో రావాలి, ఒక ఓమ్ వచ్చిందంటే క్లాంపు కింద రంగో తుప్పో మిగిలిందని అర్థం. గోడ పూడ్చే ముందు పైపూ వైరూ దాటుకునే ప్రతిచోటా టేపు ఆనించి ఫోటో తీసి ఉంచుకుంటే, తర్వాత అక్కడ డ్రిల్ పెట్టబోయేవారికి అదొక్కటే మ్యాపు.